గిటార్ చెక్కలోంచి పిలిచిన గొంతు

శంషాబాద్ విమానాశ్రయంలో నాది తెల్లవారుజాము డ్యూటీ. చీకట్లో ఒంటరిగా క్యాబ్ కోసం నిలబడటం నాకు అలవాటే. దయ్యాల కబుర్లు చెప్పే తోటి ఉద్యోగులను ఆటపట్టించేదాన్ని. ఇప్పుడు రాస్తున్నది దయ్యం గురించి అని కూడా నేను అనుకోవడం లేదు. ఏమనుకోవాలో తెలియకే రాస్తున్నాను.

కాలేజీ రోజుల నుంచి నాకు బేస్ గిటార్ ఇష్టం. నాలుగే లావు తీగలు, పాట అడుగున మెల్లగా నడిచే స్వరం. మూడేళ్ల కింద కాటేదాన్‌లో స్పీకర్లు బాగుచేసే ఒకాయన దగ్గర పాతదొకటి దొరికింది. మెరూన్ రంగు వెలిసిపోయింది. ఏ కంపెనీ పేరూ లేదు. ఎవరిదని అడిగాను.

"ఏమో అక్కా, పాత సామాన్ల ఒచ్చింది. మోత మాత్రం మస్తుంటది" అన్నాడు.

ఒక్కటే వింతగా అనిపించింది. గిటార్ పైభాగం కొమ్ములా ముందుకు పొడుచుకొచ్చే చోట రంగు అరిగిపోయి చెక్క నున్నగా తేలింది. వాయించేటప్పుడు చెయ్యి తగిలే చోటు కాదది.

డ్యూటీ అయ్యాక మధ్యాహ్నం రెండింటికల్లా ఇంట్లో ఉండేదాన్ని. అమ్మ నిద్రపోతుండేది కాబట్టి యాంప్లిఫయర్ లేకుండానే వాయించుకునేదాన్ని. అలా అయితే బేస్ సరిగ్గా వినపడదు. ఒకరోజు తల వాల్చి, దవడను ఆ నున్నటి చోట ఆనించాను. స్వరం ఎముకల్లోంచి పాకి తలంతా నిండింది, నీళ్లలో మునిగి వింటున్నట్టు. మా ఇంటి మీదుగా విమానం దిగినప్పుడల్లా చెక్క సన్నగా వణికేది. కర్టెన్ మీది ఎండ గోడ దాకా జరిగేది. ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలిసేది కాదు.

నాలుగో రోజో ఐదో రోజో, తీగ మోత సద్దుమణుగుతుండగా ఒక ఆడగొంతు వినిపించింది.

"ఓ మేస్త్రీ, జర ఇటు సూడు."

తలెత్తి చూశాను. గదిలో ఎవరూ లేరు. కిటికీలు మూసి ఉన్నాయి. పక్కన ఎవరైనా ఇల్లు కడుతూ మేస్త్రీని పిలిచారేమోనని బాల్కనీలోకి వెళ్లాను. చుట్టుపక్కల ఎక్కడా పని జరగడం లేదు.

ఆ నెలలో మూడుసార్లు విన్నాను. ప్రతిసారీ అవే మాటలు, నవ్వు కలిసిన అదే గొంతు. దవడ ఆనించినప్పుడే వినిపించేది. చెవుల డాక్టరు దగ్గరికి వెళ్తే అంతా బాగానే ఉందన్నారు. భయం వేయలేదు. నిజం చెప్పాలంటే, ఆ గొంతు కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాను.

తర్వాత తీగలు గరగరమంటుంటే మరలు విప్పి గిటార్ మెడ ఊడదీశాను. లోపలి గాడిలో పెన్సిల్‌తో రాసి ఉంది: "యాదగిరి చేసినది. రావిర్యాల."

సెలవు రోజున గిటార్ పట్టుకుని రావిర్యాల వెళ్లాను. కిరాణా కొట్టులో అడిగితే అక్కడున్న ఒకామె యాదగిరి ఇల్లు చూపించింది. "ఆయనకు ఎంత గట్టిగ మాట్లాడినా వినపడదు. కాయితం మీద రాసి సూపియ్యి" అంది.

యాదగిరి తాతకు డెబ్బై దాటి ఉంటాయి. వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నా భుజాన గిటార్ చూసి లేచి నిలబడ్డాడు. ఇది మీరు చేసిందేనా అని పుస్తకంలో రాసి చూపించాను.

"నేనే చేసిన బిడ్డా. కాటేదాన్ల కట్టెపని చేసేటోణ్ణి. పెండ్లిళ్లల్ల పాటలోళ్లతోని వాయిస్తుంటి. చెవులు పోయినంక గూడ ఇడ్సిపెట్టలే. గదువ గీడ పెడితే మోత లోపలికి ఒస్తది" అని ఆ నున్నటి చోటు నిమిరాడు. తర్వాత గిటార్ మెడ చివర, తీగలు బిగించే చోట వేలు పెట్టాడు. "మా ఇంటామె గీ కొసకు నోరు ఆనిచ్చి మాట్లాడేది. గట్లయితేనే ఆమె గొంతు నాకు వినొచ్చేది. ఆమె పోయినంక గదువ పెట్టి సూసిన. ఉత్త మోతే. ఇగ ఇంట్ల ఉంచుకోబుద్ధి కాలే."

నేను విన్నది చెప్పాలా వద్దా అని తేల్చుకోలేకపోయాను. ఆ వయసులో ఆయన్ని కలవరపెట్టడం ఎందుకనిపించింది. దాచిపెట్టి వెళ్లిపోవడం అంతకన్నా తప్పనిపించింది. చివరికి ఆ మాటలు ఉన్నవున్నట్టు రాశాను.

ఆయన చదివాడు. మళ్లీ చదివాడు.

"నా పేరు తియ్యకపోయేది" అన్నాడు మెల్లగా. "మేస్త్రీ అంటుండె. అదిగూడ గీ గిటార్లకెంచి పిలిచేటప్పుడే. ఆ మాట ఇంకెవ్వరికి తెల్వది బిడ్డా."

గిటార్ ఆయన ఒళ్లో పెట్టాను. ఆయన కళ్లు మూసుకుని దవడ ఆనించాడు. నేను ఒక్కో తీగా మీటాను. మీటినది ఆగిపోయే దాకా ఆగి, మళ్లీ మీటాను. చాలాసేపటికి ఆయన తల అడ్డంగా ఊపాడు.

"నాకు వినొస్తలేదు. నువ్వు పెట్టు."

నేను దవడ ఆనించాను. ఆయన వంగి, గిటార్ కొసకు పెదవులు తాకించి ఏదో చెప్పాడు. నాకు సన్నటి వణుకు తెలిసింది తప్ప ఒక్క మాటా అందలేదు. ఏమన్నారని అడగలేదు. గిటార్ నన్నే ఉంచుకోమన్నాడు.

ఆ రోజు నుంచి ఆ గొంతు మళ్లీ రాలేదు. ఎన్ని మధ్యాహ్నాలు కూర్చున్నా చెక్కలో తీగ మోత తప్ప ఏమీ లేదు. అప్పుడప్పుడు రావిర్యాల వెళ్తుంటాను. తాత ఏమీ అడగడు, నా ముఖంలోకి చూస్తాడంతే. నేను లేదన్నట్టు తల ఊపుతాను.

"అయితే నేనన్న మాట ఆమె ఇన్నట్టుంది" అంటాడు.

అవునో కాదో నేను చెప్పలేను. ఆ పిలుపు నాదాకా ఎలా వచ్చిందో కూడా చెప్పలేను.