ఆంటీ నానబెట్టిన ఉప్పుచేప

బెడోక్‌లో మా అపార్టుమెంటు కింది అంతస్తు ఆంటీ నిన్న పొద్దున నిద్రలోనే పోయింది. సాయంత్రానికల్లా ఫుడ్ కోర్టు మేనేజరు ఆమె స్టాల్ బోర్డు దింపేశాడు. దాని చోట ‘హెరిటేజ్ పోర్చుగీస్ సీఫుడ్’ అని మెరిసే బ్యానరు కట్టి, దాని మీద ఆమె ఫొటోయే వేశాడు. లోపల వేగుతున్నది మాత్రం ఫ్రోజెన్ ముక్కలు, పైన సీసా సాసు. మనిషిని ఇంకా మట్టి చెయ్యలేదు. ముఖం అమ్మకానికి వచ్చేసింది. ఇంకా గట్టిగా రాద్దామనే కూర్చున్నాను. ఓపిక లేదు. కోపం కూడా అలిసిపోతుందని నాకిప్పుడే తెలిసింది.

ఆంటీ మలక్కా పోర్చుగీసుల ఇంటి మనిషి. ఎప్పుడో ఓడల్లో వచ్చినవాళ్ల వంట, ఇక్కడి మిరపకాయనూ చింతపండునూ కలుపుకుని ఆమె చేతిదాకా వచ్చింది. పోర్చుగల్ ఆమె చూడలేదు. మలేషియాలో పుట్టిన మా అమ్మ ఆంధ్రా చూడలేదు. వాళ్లిద్దరికీ స్నేహం అక్కడే కుదిరింది.

ఊరు చూడ్డానికి వచ్చినవాళ్లు ఆమె స్టాలు ముందు ఆగితే, వాళ్లేం తినాలో ఆమే చెప్పేది. ముందు వెల్లుల్లి, కొత్తిమీర వేసి ఆవిరికి నోళ్లు తెరిపించిన గుల్లలు. తర్వాత రాళ్లుప్పు చల్లి నిప్పుల మీద కాల్చిన సార్డిన్ చేపలు. బంగాళాదుంప, ఉల్లిపాయ, గుడ్డుతో చేసే ఉప్పుచేప మాత్రం ఆఖర్న. “మొదటే పెడితే భయపడతారు లా” అనేది. మాట చివర ఆ ‘లా’ తగిలించడం ఇక్కడివాళ్లందరి అలవాటు.

సార్డిన్ కింద ఎప్పుడూ ఒక మందపాటి రొట్టెముక్క ఉండేది. నేను మొదటిసారి చపాతీ తుంచినట్టు తుంచి చేపతో నంజుకున్నాను. ఆమె గరిటెతో బల్ల మీద ఠపీమని కొట్టింది.

“అయ్యో బాయ్! అది నీ ప్లేటు! ప్లేటు ఎవరైనా ముందు తింటారా?”

చేప నూనె, ఉప్పు, పొగ అంతా దాంట్లోకి దిగాక చివర్న తినాలట. మన తెలుగువాళ్లు ఎవరొచ్చినా అదే పొరపాటు. ప్రతిసారీ అదే గరిటె చప్పుడు.

ఒకసారి నిజంగానే పోర్చుగల్ నుంచి ఒకాయన వచ్చాడు. ఉప్పుచేప తిని, “బావుంది. కానీ ఇది మాది కాదు” అన్నాడు.

“మీరు వదిలేసి వెళ్లారు. మేం పెంచుకున్నాం. పెంచితే పిల్ల మారదా?” అంది ఆంటీ. ఆయన నవ్వి ఇంకో ప్లేటు అడిగాడు.

నా సంచిలో కరపత్రాలుంటాయి. కూలి, హక్కు అని నేను మొదలుపెడితే ప్లేటు నా ముందుకి తోసేది. “తిను లా. నీ రివల్యూషన్ ఆగుతుంది, చేప ఆగదు.” ‘తిను’ అన్న మాట ఆమెకు అమ్మ నేర్పింది. మా మాటల్లో ఆమె నేర్చుకున్నది అదొక్కటే. వాదనలో నన్ను గెలవడానికి ఆమెకు అది చాలేది.

నిన్న ఆ బ్యానరు చూసి నేను మేనేజరు మీదికి అరుచుకుంటూ వెళ్లాను. అమ్మ నన్ను పక్కకి నెట్టి స్టాలు ఫ్రిజ్ తెరిచింది. లోపల పెద్ద బేసిన్లో ఉప్పుచేప. మొన్న స్టాలు మూసేముందు ఆంటీ నానబెట్టి వెళ్లింది.

“ఆంటీ, అది పారేస్తున్నాం లా. వాసన” అన్నాడు మేనేజరు అమ్మతో. ఇక్కడ పెద్దావిడ ఎవరైనా ఆంటీయే.

“నీకు వాసన. మాకు సాపాటు” అంది అమ్మ. నా వైపు తిరిగి, “ఒరేయ్, అరిచింది చాలు. అటు పట్టుకో” అంది.

లిఫ్టులో నీళ్లు మా కాళ్ల మీద చిందాయి. ఇంటికొచ్చాక అమ్మ నీళ్లు మార్చింది. ఉప్పు దిగేదాకా అలా మారుస్తూనే ఉండాలి. ఆంటీ ఏ పని మధ్యలో వెళ్లిపోయిందో ఆ పని ఇప్పుడు మా వంటింట్లో ఉంది. ఆమె వండినట్టు కుదురుతుందో లేదో అమ్మకూ తెలియదు. కానీ ఆమె నానబెట్టిన ఆఖరి చేప చెత్తబుట్టలోకి పోదు. ఆ బ్యానరుకి నా దగ్గరున్న జవాబు ఇంతే.

ఇది రాస్తుంటే అమ్మ మళ్లీ నీళ్లు పారబోస్తున్న చప్పుడు. చేప తెల్లగా, మెత్తగా ఉబ్బింది.

ఈ సాయంత్రం ఆరు గంటలకు మా బ్లాకు కింద ఖాళీగా వదిలిన వాయిడ్ డెక్‌లో కలుద్దాం. ఆంటీ చేతి ముద్ద ఒక్కటి తిన్నవాళ్లయినా, అసలు తిననివాళ్లయినా రండి. రొట్టె ఎవరిది వాళ్లు తెచ్చుకోండి. ముందే తినేయకండి.