ఉత్తగా తిరిగొచ్చిన బిందె

బెల్లంపల్లిలో గని కార్మికుల పాత క్వార్టర్ల వరుస చివర ఒక గ్రంథాలయం ఉంది. ఊరివాళ్ళు చందాలు వేసుకొని నిలబెట్టుకున్నది. దాని ముందుగదిని చరిత్ర గది అంటారు. బడిపంతులమ్మగా పదవీ విరమణ పొందిన నాటి నుంచీ లీలాబాయి ఆ గదిని చూసుకుంటున్నది.

ఆ గదిలో ఏ వస్తువూ శాశ్వతంగా ఉండదు. మూడు నెలలకొకసారి ప్రదర్శన మారుతుంది. ఒకసారి గనిలోకి దిగేవాళ్ళ తలదీపాలు, హాజరుకు ఇచ్చే ఇత్తడి బిళ్ళలు. ఒకసారి బాసరలో అక్షరాభ్యాసం చేయించిన నాటి పలకలు. మరొకసారి, గల్ఫుకు పోయినవాళ్ళు ఉత్తరం రాయడం చేతగాక తమ మాటలు నింపి పంపిన క్యాసెట్లు. అన్నీ ఇళ్ళ నుంచి అడిగి తెచ్చినవే. గడువు తీరగానే తిరిగి ఆ ఇళ్ళకే చేరవలసినవే.

ఈ నియమాన్ని లీలాబాయి కోపంతో పెట్టింది. భద్రపరుస్తామని చెప్పి ఈ ప్రాంతపు విగ్రహాలను, శాసనాలను, తాళపత్రాలను పట్టుకుపోయినవారు ఎందరో. అవి ఏ పట్నంలో, ఏ గిడ్డంగిలో, ఏ మూలన పడి ఉన్నాయో చెప్పగలిగే నాథుడు లేడు. అడిగితే విషయం పరిశీలనలో ఉన్నదని జవాబు. అటువంటి జవాబు కాగితాలన్నింటినీ ఆమె వరుసగా కుట్టి దాచింది. భద్రపరచడమంటే సొంతదారు కంట పడకుండా చేయడమేనా అని సభల్లో లేచి నిలదీసేది. తన గదికి వచ్చింది సూది అయినా సరే, దానికి రసీదు ఉండాలి. రసీదు మీది తేదీకి అది ఇల్లు చేరాలి.

అంతటి పట్టుదల గల మనిషి చేతనే తప్పు జరిగింది.

కిందటి ప్రదర్శన ఇంటింటి ఇత్తడి సామాను. వెనుక వాడలో కిష్టవ్వ అనే ముసలామె ఉన్నది. ఆమె పెనిమిటి అంతయ్య గనిలో పనిచేసి, రిటైరయ్యాక కాలం చేశాడు. ఆమె పెళ్ళినాడు తల్లిగారు పెట్టిన బిందె వాడకంతటికీ తెలుసు. లీలాబాయి అడిగినప్పుడు కిష్టవ్వ వెంటనే ఒప్పుకోలేదు. మరునాడు తానే ఆ బిందెను చంకన పెట్టుకొని వచ్చింది. దాని మెడకు పసుపు, కడుపు నిండా బియ్యం.

“బిడ్డను తోల్తున్న. మంచిగ చూస్కోండ్రి,” అన్నది.

లీలాబాయి నవ్వి రసీదు రాసింది. బియ్యాన్ని ఊడ్చే లింగవ్వకు ఇచ్చేసింది. బిందెను చింతపండుతో తోమించి, అద్దాల బీరువాలో నిలిపి, ముందు ఒక అట్టముక్క పెట్టింది. గదిలో అడుగుపెట్టిన క్షణం నుంచీ ఆమెకు అది ప్రదర్శన వస్తువు అయిపోయింది.

గడువు తీరింది. మోకాళ్ళ నొప్పితో కదలలేక ఆమె సామానునంతా పాత పేపర్లలో చుట్టించి, ఆటో నడిపే కుమార్‌తో పంపింది. మధ్యాహ్నానికి అతను తిరిగి వచ్చాడు.

“మేడం, అందరు తీసుకున్నరు. కిష్టవ్వ ఒక్కతే సంతకం పెట్టలే.”

“ఎందుకు? సొట్ట పడ్డదా?”

“సొట్ట గిట్ట ఏం లేదు. పేపరు విప్పి లోపట చెయ్యి పెట్టి చూసింది. ‘ఉత్తగనే తోలిందా’ అన్నది. ఇగ గడప దాటనియ్యలే. అరుగు మీదనే ఉన్నది బిందె.”

లీలాబాయి కలం కింద పెట్టింది. వేరే ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు. తల్లిగారింటికి వచ్చిన ఆడబిడ్డను ఒడిలో బియ్యం పోసి గాని సాగనంపరు. ఉత్త ఒడితో పంపితే, ఆ పిల్లను వదిలించుకున్నట్టే లెక్క. కిష్టవ్వ నోరు తెరిచి బిడ్డ అని చెప్పింది, ఈ గదిని దానికి మరో తల్లిగారిల్లు అనుకొని పంపింది. తాను విన్నది. విని, రసీదు రాసింది.

రాబోయే ప్రదర్శన బొంతలది. పాత చీరలు పేర్చి ఆడవాళ్ళు చేత్తో కుట్టుకున్నవి. గ్రంథాలయంలో పనిచేసే వినోద వాటిని అడగడానికి వాడకు పోయి ఉత్త చేతులతో వచ్చింది. ఒకరి బొంత ఎలుకలు కొట్టాయట. ఒకరిది చుట్టాలు పట్టుకుపోయారట. కిష్టవ్వ పక్కింటి జమున కూడా మొదట ఎలుకల మాటే చెప్పి, తరువాత దాచుకోకుండా అన్నది: “కిష్టవ్వ బిందె ఇంక బయటనే ఉన్నది గద. అది ఇంట్లకు పోనీ, అప్పుడు మాట్లాడుదాం.”

ఆ వాడ తలుపులు మూసుకుంటే ఇక చరిత్ర గదిలో మిగిలేది గోడలే. ఆ సంగతి కన్నా, కిష్టవ్వ రోజూ ఆ బిందెను దాటుకుంటూ లోపలికీ బయటికీ తిరుగుతుందన్న తలంపే లీలాబాయిని ఎక్కువగా కుదిపింది.

“ఒడిబియ్యం పోసి వద్దాం,” అన్నది వినోదతో.

వినోద గుంజాటన పడుతూనే, “నేను పోస్త మేడం. మీరు పక్కకు ఉండుండ్రి,” అన్నది.

లీలాబాయి భర్త సంతోష్‌రావు పోయి చాలా ఏళ్ళయింది. భర్త లేని ఆడది ఒడిబియ్యం పోయరాదు, పోయించుకోరాదు. ఏళ్ళ తరబడి ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టిన చెయ్యి, ఎంతోమంది పిల్లల చేత అ ఆలు దిద్దించిన చెయ్యి, ఒక్క పూటలో అశుభమైపోతుందట. ఏ శాస్త్రంలో ఉన్నదో చూపండని ఆమె ఎందరినో అడిగింది. చూపినవాడు లేడు, మానినవాడూ లేడు. అయినా ఇప్పుడు ఎదురు చెప్పలేదు. కోపం తనది. నమ్మకం కిష్టవ్వది. మళ్ళీ నొప్పించడానికి తనకు హక్కు లేదనుకున్నది.

పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, రవికె ముక్క పట్టుకొని ఇద్దరూ పొద్దున్నే వెళ్ళారు. కిష్టవ్వ అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నది. పక్కనే బిందె.

“రాండ్రి దొరసానీ. సంతకం కోసమా?”

“సంతకం కోసం కాదు కిష్టవ్వా. నాతోని తప్పైంది.”

“తప్పేమున్నది? మీది పెద్ద కచ్చీరు. కాయితం ఇచ్చిండ్రు, సామాను ఇచ్చిండ్రు. లెక్క సాఫ్.”

వినోద వంగి బియ్యం పోయబోయింది. కిష్టవ్వ అరచేతితో బిందె మూతిని మూసింది.

“నువ్వెందుకు పోస్తవు బిడ్డా? నా బిందెను అడిగి తీస్కపోయింది నువ్వా?”

వినోద లీలాబాయి వైపు చూసింది. లీలాబాయి తల వంచుకొని, “నేను పొయ్యగూడదు గద కిష్టవ్వా. ఆయన లేడాయె,” అన్నది.

“మరి నా మొగడేమన్న లోపట కూసున్నడా? గీడ మనిద్దరి నడుమ ముత్తైదువ అంటే గీ బిందె ఒక్కతే. దానికి లేని పట్టింపు నీకెందుకు? పొయ్యి.”

గోడ అవతల జమున ఫక్కున నవ్వింది.

లీలాబాయి మోకాళ్ళ నొప్పి మరిచి నేల మీద కూర్చున్నది. మొదటి దోసెడు సగం బయటనే ఒలికింది.

“జర నిమ్మళంగ. ఎవ్వలు గుంజుకపోతలేరు,” అన్నది కిష్టవ్వ.

బియ్యం బిందె మెడకు వచ్చింది. పైన కుడుకలు, రవికె ముక్క పెట్టి లీలాబాయి చేతులు తీసుకోబోతే కిష్టవ్వ ఆపింది. పోసిన ఇల్లు వట్టిపోకూడదని, ఆ బియ్యంలో నుంచే కొన్ని పిడికిళ్ళు తిరిగి ఇవ్వడం రివాజు.

“కొంగు పట్టు, చెల్లె.”

లీలాబాయి కదలలేదు. ఆమెను కొంగు పట్టమన్నవారు ఇన్నేళ్ళలో లేరు. మేనకోడళ్ళ పెండ్లిళ్ళలో ఒడిబియ్యం వేళకు, పిలవకముందే లేచి వంటవాళ్ళ దగ్గరికి పోయి నిలబడడం ఆమె అలవాటు చేసుకున్నది. ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదని.

కిష్టవ్వ తానే ఆమె కొంగు గుంజి, పిడికిలి మీద పిడికిలి పోసి, ముడి వేసింది. ఆ ముడిని ఒకసారి లాగి చూసింది. తరువాత బిందెను చంకకెత్తుకొని, గడప దాటి లోపలికి పోయింది.

లీలాబాయి అక్కడే కూర్చున్నది. వినోద, వెంట తెచ్చిన రసీదు పుస్తకాన్ని సంచిలోకి తోసేసింది.

“ఇంక బయటనే కూసుంటవా?” లోపలి నుంచి కిష్టవ్వ గొంతు. “జమునా, నువ్వు గూడ రా. బొంతలు అటుక మీద ఉన్నయి, నాకు అందయి. నీయి ఎలుకలు కొట్టలేదని నాకెరుకనే, అవ్విటిని గూడ తియ్యి. చెల్లె, బొంతల ఏం కట్టి తోల్తవో నీ ఇష్టం. ఉత్తగ మాత్రం తోలకు.”

లీలాబాయి ఒక చేత్తో కొంగుముడిని, ఇంకొక చేత్తో వినోద భుజాన్ని పట్టుకొని లేచి లోపలికి నడిచింది.