జవాబు ఇంకా రాలేదు

మొన్న పోతిరెడ్డిపల్లి దగ్గర రోడ్డు పక్కన ఒక ప్రచారం ఆటో ఆగింది. కొత్త బట్టల దుకాణం గురించి చెప్పబోతున్న కుర్రాడు ముందుగా మైకులో రెండుసార్లు ఊదాడు. ఆ చప్పుడు వినగానే జనరేటర్ డీజిల్ పొగ, ప్రొజెక్టర్ బల్బు మీద కాలే దుమ్ము వాసన ముక్కుకు తగిలినట్టయింది. వెంటనే ఎప్పటిదో సుశీల మేడం గొంతు చెవిలో వినిపించింది: "మైకుల ఊదకు నర్సింలూ, గదేమన్న పొయ్యా?"

ఎనభైల చివర్లో సంగారెడ్డిలోని సర్కారు ప్రచార బండికి ఆమె అధికారి, నేను ప్రొజెక్టర్ ఆపరేటర్‌ని. ఆమెది జోగిపేట. మాది భానూర్ పక్కన కూలి చేసుకుని బతికే ఇల్లు. పదో తరగతితో చదువు ఆగిపోయి, పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో కొన్నాళ్ళు బరువులు మోసి, చివరికి ఈ ఉద్యోగంలో పడ్డాను. సాయంత్రాలు మాత్రం సంగారెడ్డి గ్రంథాలయం నాది. తలుపులు వేసేదాకా కూర్చుని, దొరికిన పుస్తకమల్లా చదివేవాణ్ణి. బండి ఊళ్ళలో ఆగినప్పుడు నా చేతిలో పుస్తకం చూసి మేడం ఎప్పుడూ నవ్వలేదు. ఏం చదివానో అడిగేవారు. అంతవరకు నన్నెవరూ అలా అడగలేదు.

ఒకసారి మా బండిని గోదావరి అవతలి కొండలకు పంపారు. అక్కడొక అడవిని నేషనల్ పార్కు చేయాలని సర్కారు అనుకుంటోంది. లోపలున్న గోండు గూడేలకు సంగతి చెప్పి, వాళ్ళ అభిప్రాయం తెలుసుకుని రావాలి. అక్కడి బండి చెడిపోవడంతో ఆ పని మాకు వచ్చింది. నేను గ్రంథాలయంలో అడవుల మీద, మృగాల మీద ఉన్న పుస్తకాలన్నీ తిరగేసి, మేడం కోసం ఒక ఉపన్యాసం రాసుకొచ్చాను. ఆమె శ్రద్ధగా చివరిదాకా చదివారు.

"మంచిగ రాసినవ్. గని గిది విన్నంక వాళ్ళకేం సమజైతది? లేచి యాడికి పోవాలె, పోడు భూమి ఏమైతది, దేవుళ్ళని ఏం జేయాలె, గవి ఏవి?"

"గవి పుస్తకాలల్ల లేవు మేడం."

"అయితే కనుక్కొని చెప్దాం. తెల్వకుంటే తెల్వదని చెప్దాం."

తెలియదని చెప్పడం కూడా ప్రచారంలో భాగమేనని నాకప్పుడే మొదటిసారి తోచింది.

మా వంతుకు వచ్చిన గూడెం చేరేసరికి పొద్దు వాలుతోంది. ఊరి పెద్ద లచ్చు పటేల్ మంచాలు వాల్పించాడు. తెల్లగుడ్డ కట్టి నేను స్లైడ్లు మొదలుపెట్టాను. పులి బొమ్మ రాగానే ముసలాళ్ళు గోండిలో ఏదో అనుకుని పడీపడీ నవ్వారు. ఏమిటని మేడం అడిగితే లచ్చు పటేల్ అన్నాడు: "గిది మా పులి గాదు మేడం. మా పులి గింతసేపు నిలవడి సూడనియ్యదు."

ఆ తర్వాత మేడం అసలు సంగతి చెప్పారు. పార్కు వస్తే గూడెం దిగువకు పోవాల్సి వస్తుందని, భూమి ఇస్తామంటున్నారని, అది ఎలాంటి భూమో తనకు తెలియదని దాచకుండా చెప్పారు. లచ్చు పటేల్ ఒక్కో మాటా తన వాళ్ళకు గోండిలో వినిపించాడు. "మరి మీరేమంటరు?" అని ఆమె అడిగారు. ఎవరూ నోరు విప్పలేదు. ఆడవాళ్ళు నేలకేసి చూస్తున్నారు. మాతో వచ్చిన ఫారెస్టు ఉద్యోగి విసుగ్గా లేచాడు. "అభ్యంతరం లేదని రాసుకోండి మేడం. పోదాం."

"జెర ఆగున్రి" అని, మేడం మంచం దిగి లచ్చు పటేల్ ఎదుట నేల మీద కూర్చున్నారు. "పటేలా, ఎవ్వరు మాట్లాడరేంది? నేనేమన్న తప్పు అడిగిన్నా?"

"తప్పేం లేదు. సుట్టమై వచ్చి అడిగిన మాటకు మొఖమ్మీద కాదంటమా? మేం కూసొని మాట్లాడుకుంటం. దేవుని కాడ అడుగుతం. జవాబు మేమే మీ ఇంటికి తెస్తం. మీ ఇల్లు యాడ?"

"సంగారెడ్డి దాక వస్తవా తాతా?" అని ఉద్యోగి నవ్వాడు.

"మీరు రాలే? గట్లనే మేం గూడ వస్తం."

తిరిగి వచ్చాక పై అధికారి రిపోర్టు అడిగారు. మేడం ఒకే వాక్యం రాశారు: జవాబు ఇంకా రాలేదు. ఆ కాగితం పట్టుకుని ఆయన ఆమెను పిలిపించారు. నేను గుమ్మం దగ్గరే ఉన్నాను.

"అందరూ ఊరుకున్నారట కదా. మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు."

"సగం ఒప్పుకున్నరనే అనుకుందాం సార్. తక్కిన సగం నేనెట్ల రాయాలె? అది నాది గాదు కద."

"మిగతా గూడేలకు పోయినవాళ్ళ రిపోర్టులన్నీ వచ్చాయి. మీ ఒక్కరి వల్ల ఫైలు ఆగింది. ఉద్యోగం మీద ఆశ లేదా మీకు?"

ఆమె మాట్లాడలేదు. ఆ మౌనాన్ని ఆయన ఏమని రాసుకున్నారో నాకు తెలియదు. ఆమె బయటికి వచ్చారు. "వాళ్ళు రాకపోతే ఏం జేద్దాం మేడం?" అన్నాను. "వస్తమన్నరు కద" అన్నారు.

రోజులు గడిచాయి. ఆఫీసులో ఆమెను చూసి "సుట్టాలు వచ్చిన్రా?" అని ఎగతాళి చేసేవారు. రోజూ సాయంత్రం ఆమె నేరుగా ఇంటికి పోయేవారు. వాళ్ళు వచ్చేసరికి తలుపుకు తాళం ఉండకూడదట. చివరికి ఒక ఆదివారం లచ్చు పటేల్, ఇద్దరు ఆడవాళ్ళు బస్టాండులో దిగి, పులి బొమ్మలు చూపించే మేడం ఇల్లేదని అడుగుతూ వచ్చారు. ఎండిన ఇప్పపువ్వు మూట తెచ్చారు. మేడం కబురు పంపితే నేనూ వెళ్ళాను. ఆమె ఏమీ అడగకుండా ముందు అన్నం పెట్టారు. చేతులు కడుక్కున్నాక లచ్చు పటేల్ తానే మొదలుపెట్టాడు.

"మేం రాం మేడం. మా దేవుళ్ళు లారీ ఎక్కరు. పులిని మా తాతలు సంపలే, మేం సంపం. అడవి అంటుకుంటే ఆర్పేది మేమే. పార్కు పెట్టుకోన్రి, మమ్మల్ని లేపకున్రి." తర్వాత నవ్వాడు. "ఇయ్యాల సుట్టాలం మేమే. సుట్టం మాట కాదనొద్దు."

మర్నాడు ఆమె వాళ్ళను పై అధికారి ముందు కూర్చోబెట్టి, అదే మాట చెప్పించి, లచ్చు పటేల్ అన్నది అన్నట్టే రాయించారు. కొన్నేళ్ళకు పార్కు హద్దు వాగు అవతలే ఆగిందని, గూడెం ఉన్నచోటే ఉందని విన్నాను. ఆ జవాబు వల్లనో మరే కారణం వల్లనో నేను చెప్పలేను. మేడంకు మాత్రం వాళ్ళు వచ్చిపోయిన వేసవిలోనే దూరం బదిలీ అయింది. సామాను ఎక్కించేటప్పుడు నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. "ఏడ్వకు. లైబ్రరీ మూసేస్తరు, జల్దీ పో" అన్నారు. మళ్ళీ ఆమెను చూడలేదు.

తర్వాత బండి ఉద్యోగం పోయి, నేను పటాన్‌చెరులోనే ఒక ఫ్యాక్టరీలో స్థిరపడ్డాను. రెండువేల సంవత్సరం దాటాక ఒకనాడు, మా దగ్గరి ఊళ్ళో ఇంకో కంపెనీ పెట్టడానికి జనం అభిప్రాయం అడిగే సభ జరిగింది. షామియానా కింద అధికారులు, ఎదురుగా ఊరివాళ్ళు. చెప్పాల్సింది చెప్పేసి, ఏమైనా అంటారా అని అడిగారు. అంతా నిశ్శబ్దం. "అయితే అభ్యంతరాలు లేవు" అంటూ ఒకాయన కలం తీశాడు. నాకు తెలియకుండానే లేచి నిలబడ్డాను.

"సార్, వాళ్ళింకా చెప్పలేదు. జెర ఆగున్రి."

ఆయన నావైపు గుర్రుగా చూశాడు. అయినా ఆగాడు. నేనూ కూర్చోలేదు. చాలాసేపటికి వెనక వరసలో ఒక ముసలామె పక్కావిడ భుజం పట్టుకుని మెల్లగా లేచింది.