హ్యాండిలుకు కట్టిన గుడ్డపీలిక

పోయిన నెలలో ఒక ఉదయం, గోపాలపట్నంలో మా ఇంటి వసారాలో మట్టిదారుల్లో తిప్పే నా పాత మోటారుసైకిలు ముందు నిలబడి, ట్యాంకులో పోసిన పెట్రోలులో ఆయిల్ కలిపానో లేదో గుర్తుకు రాక పావుగంట సేపు కొట్టుమిట్టాడాను. హ్యాండిలుకు గుడ్డపీలిక కట్టి ఉంది, అంటే కలిపినట్టే లెక్క. కానీ ఆ గుడ్డను ఎంతవరకు నమ్మవచ్చో నాకు తెలిసినంతగా ఇంకొక్కరికే తెలుసు. చివరికి పైపు ఊడదీసి పెట్రోలంతా డబ్బాలోకి దించేశాను. వంటింట్లోంచి వచ్చిన మా ఆవిడ చూసి, "ఏటి, మళ్లీ దించేత్తన్నారా? ఈ నెల్లో ఇది మూడోసారి," అని, నా జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయింది. మూడోసారి అన్న సంగతి ఆవిడ చెప్పేదాకా నాకు తెలియదు.

నా ఈడు వాళ్లకు చెప్పనక్కరలేదు గానీ, ఆ రోజుల్లో మన రెండు స్ట్రోకుల బళ్లకు పెట్రోలు ఒక్కటే పోస్తే సరిపోయేది కాదు, లీటరుకు ఇంతని ఆయిల్ కొలిచి పోసి, మూత బిగించి, బండిని రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ ఊపాలి. బంకులో ఒకేసారి నలుగురు మగవాళ్లు నాలుగు బళ్లను అలా ఊపుతుంటే, తెలియనివాళ్లకు అందరికీ ఒకేసారి పూనకం వచ్చినట్టు ఉండేది. ఆయిల్ ఎక్కువైతే పొగ తప్ప నష్టం లేదు, తక్కువైనా ఒకటి రెండు రోజులు ఓర్చుకునేది. అసలే పోయకపోతే మాత్రం కొన్ని మైళ్లు బుద్ధిగా పోయి, ఉన్నట్టుండి లోపల పిస్టన్ పట్టేసి, దానితోపాటు వెనక చక్రం కూడా బిగుసుకుపోయేది. చక్రం తిరగడం మానేసిన బండి మీద మనిషి కూర్చుని ఉండడు కదా.

ఇప్పుడు బంకుల్లో ఆ ఆయిల్ అడిగితే కుర్చీలో ఉన్నాయన కిరోసిన్ దీపానికి వత్తి అడిగినవాణ్ణి చూసినట్టు చూస్తాడు. నేను పూర్ణా మార్కెట్ దాకా పోయి సీసాలు తెచ్చుకుంటాను. ఉక్కు ఫ్యాక్టరీలో ఫిట్టరుగా రిటైరైన దగ్గర్నుంచి నాకున్న పనల్లా ఈ బండే. సముద్రపు గాలికి స్పోకులు తుప్పు పడతాయి, పోర్టు వైపు గాలి తిరిగిన రోజున బొగ్గు దుమ్ము సన్నగా పేరుకుంటుంది, సైలెన్సరులో మసి అట్టలు కడుతుంది. ఆదివారం ఆదివారం అన్నీ విప్పి, తుడిచి, మళ్లీ బిగించి, పైకి లేపి పెట్టిన ఆ సైలెన్సరు మోతతో, బొడిపెల టైర్లతో, ఆనందపురం అవతల కొండల కింద మట్టిదారులు పట్టి పోతాను. ఈ వయసులో ఆ గతుకుల్లో నిలబడి నడపడం ఏమిటని డాక్టరు కోప్పడ్డాడు. మోకాళ్ల సంగతి ఎలా ఉన్నా, గంటసేపు ఆ దుమ్ములో తిరిగొస్తే నాకు ఆ రాత్రి నిద్ర పడుతుంది, ఇంకెలా తిరిగినా పట్టదు.

ఈ బండి మొదట నాది కాదు, మా బావదీ నాదీ. మా అక్కను పద్మనాభం దగ్గర పల్లెలో ఇచ్చారు, ఆమె భర్తా నేనూ ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం. నాకు ఫ్యాక్టరీలో ట్రైనింగు దొరికాక ఉండడానికి చోటు లేక వాళ్లింట్లోనే చేరాను. బావ పోర్టులో క్రేన్ ఎక్కేవాడు, ఇంకా పర్మనెంటు కాలేదు, తెల్లారకముందే లేచి వరిచేలో నీళ్లు కట్టుకుని తరవాత పనికి బయల్దేరేవాడు. అప్పట్లో ఫ్యాక్టరీ ఇంకా కడుతూనే ఉన్నారు, సగం చోట్ల రోడ్లే లేవు, ఆ బురదలో తిరగడానికి ఎవరో పై రాష్ట్రం నుంచి వచ్చిన ఇంజనీరు ఈ బండికి వెడల్పు హ్యాండిలూ ఎత్తు సైలెన్సరూ పెట్టించుకుని, బదిలీ అయి వెళ్తూ అమ్మేస్తే మేమిద్దరం కలిసి తీసుకున్నాం. వారం వారం షిఫ్టు మారేది, ఒక వారం పగలు నాది, ఒక వారం అతనిది. ఎవరు ఎప్పుడు పెట్రోలు పోశారో రెండోవాడికి తెలియదు, ఒకసారి ఇద్దరం ఆయిల్ పోసేసి ఊరంతా పొగ పెట్టాం. అప్పుడు బావే ఒక పద్ధతి పెట్టాడు. ఆయిల్ కలిపినవాడు హ్యాండిలుకు ఎడమ పక్క గుడ్డపీలిక కట్టాలి, గుడ్డ ఉంటే రెండోవాడు మూత తియ్యకుండా ఎక్కి వెళ్లిపోవచ్చు. అక్క పాత చీర అంచు చింపి ఇచ్చింది, ఎరుపు మీద పసుపు గీతలు. మూడేళ్లు ఆ గుడ్డ మాటే మాకు వేదవాక్కు.

ఆ మూడో ఏడు చివర ఒక ఉదయం, ట్యాంకు అడుగున తుప్పు చేరిందని పూర్తిగా దించి కడిగాను. ఆరబెట్టి, బిగించి, కొత్త పెట్రోలు పోశాను. ఆయిల్ డబ్బా లోపల గూట్లో ఉంది. విప్పిన గుడ్డ నా భుజం మీద ఉంది, చేతికి అడ్డంగా ఉందని ముందు దాన్ని కట్టేశాను, డబ్బా తెచ్చి పోద్దామని లోపలికి వెళ్లాను. అక్క అప్పుడే చోడి అంబలి, అదే రాగి జావ, గిన్నెలో పోసి, చల్లారిపోతోంది రమ్మంది. రెండు గుక్కలు తాగానో లేదో, వీధిలో బండి స్టార్టయిన చప్పుడు. బావకు ఆ రోజు పోర్టులో వైద్య పరీక్ష, అది అయితే పర్మనెంటు, అందుకని త్వరగా బయల్దేరాడు. నేను గిన్నె నోటి దగ్గర పెట్టుకుని ఉన్నాను. ఆయిల్ పోయలేదన్న సంగతి నాకు అప్పుడే తెలుసు. లేచి అరవాల్సింది. అరిస్తే గుడ్డ ముందే ఎందుకు కట్టావని అక్క ముందు అడుగుతాడని సిగ్గేసింది. ఆ సిగ్గుతో ఇంకో గుక్క మింగాను, అంతే, వీధిలోకి వచ్చేసరికి మలుపులో దుమ్ము మాత్రం ఉంది.

కొండవాలు దిగే చోట చక్రం పట్టేసింది. నేను సైకిలు మీద వెళ్లేసరికి చేలల్లోని వాళ్లు బావను నులక మంచం మీదకు ఎక్కిస్తున్నారు, కుడికాలు మోకాలి కింద ఉండవలసిన తీరులో లేదు. బండి రాళ్లలో పడి ఉంది, హ్యాండిలుకు గుడ్డ ఉంది. నేను మొదట ఎవరి దగ్గరికి పోవాలి? బండి దగ్గరికి పోయాను. ముడి విప్పి గుడ్డను ప్యాంటు జేబులో పెట్టుకున్నాను. ఇన్నేళ్లలో నేను చేసిన పనులన్నిటిలోకీ నన్ను సిగ్గుపడేలా చేసేది ఆయిల్ పోయకపోవడమో అరవకపోవడమో కాదు, ఆ ముడి విప్పడం. నోరు పెగలకపోవడం ఏ మనిషికైనా వస్తుంది. ముడి విప్పింది నా చేతులు, నా తెలివి.

కాలు అతికింది గానీ వంకరగా అతికింది. క్రేన్ నిచ్చెన ఎక్కలేనివాడికి ఆ పని ఇవ్వబోమన్నారు. బావ పొలానికే ఉండిపోయాడు. బండి నన్నే ఉంచుకోమన్నాడు, మళ్లీ దాన్ని ముట్టలేదు. ఆయిల్ పోసుకోకుండా బండెక్కిన మనిషని ఊరు ఊరంతా అతన్నే అనుకుంది, అతను కాదనలేదు. మా అక్క సంగతి సరేసరి. ఆవిడ నోరు మంచిది కాదు, మనసు మంచిది, ఆ రెండూ కలిసి బావకు జీవితాంతం ఒక సామెత తయారుచేసి పెట్టాయి. కూరలో ఉప్పు మరిచిపోయినా, తలుపు గొళ్లెం వెయ్యకపోయినా, మీ బావ ఆయిల్ పోసినట్టే ఉంది అనేది. అది ఇంట్లోంచి చుట్టాలకు పాకింది. పెళ్లిళ్లలో వంటవాడు పులిహోరలో పోపు మరిచిపోతే పందిట్లో అందరూ ఆ మాటే అని నవ్వేవారు. బావ కూడా నవ్వేవాడు. నేనూ నవ్వేవాణ్ణి, నవ్వకపోతే అనుమానం వస్తుందని.

రెండేళ్ల కిందట అక్క పోయింది. పోయే ముందు వారం కూడా మాత్ర వేసుకోవడం మరిచి, మీ బావ ఆయిల్ పోసినట్టే అని మంచంలోంచే అంది. ఆ మాట తప్పని ఆవిడకు చెప్పవలసినవాణ్ణి పక్కనే కూర్చుని బత్తాయి వలుస్తున్నాను.

అందుకే పోయిన నెలలో పెట్రోలు దించేశాక నాకు పట్టిన భయం బండి గురించి కాదు. ఈ ఉదయం పోసిన ఆయిలే గుర్తులేని బుర్ర రేపు ఆనాటి గిన్నెనూ ఆ ముడినీ కూడా మరిచిపోతే, నేను నిజంగానే ఏ పాపమూ ఎరగనివాడిలా చచ్చిపోతాను, బావ మాత్రం ఆయిల్ పోయని మనిషిగానే మిగిలిపోతాడు. ఆ ఆదివారం ఆయిల్ సీసా చూసి చూసి పోసి, బండి తీసి పద్మనాభం దారి పట్టాను.

బావ ఇంటి వెనక కళ్లం దగ్గర గడ్డివాము నీడలో కూర్చుని ఉన్నాడు. మోత విని ముందే గుర్తుపట్టి, "ఇంకా బతికే ఉందేటి ముసల్ది," అన్నాడు. నేను బండి దిగకుండానే చెప్పేశాను, దిగితే చెప్పలేనని. గుడ్డ ముందే కట్టడం, అంబలి, బండి చప్పుడు వినీ లేవకపోవడం, ముడి విప్పడం, అన్నీ. బావ వంకర కాలిని చేత్తో జరుపుకున్నాడు.

"గుడ్డ సూసే ఎక్కాను బావా," అన్నాడు తరవాత. "నువ్వు ముడి ఇప్పడం కూడా మంచం మీంచి సూసాను."

మరి ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నువ్వు సెప్తావనుకున్నాను. మీ అక్క ఆ మాటన్నప్పుడల్లా నీ మొకమే సూసీవోణ్ణి. రెండు మూడేళ్లు సూసాను, తరవాత సూడ్డం మానేసాను." గడ్డిపరక తుంచి పళ్ల మధ్య పెట్టుకున్నాడు. "అది బతికుండగా సెప్పుంటే బాగుణ్ణు."

తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ణి. నాకు ఏడుపు వచ్చింది, గడ్డివాము వెనక్కి పోయి ఏడ్చాను, అతను రాలేదు, రాకపోవడమే మంచిదైంది. తిరిగి వచ్చేసరికి లేచి కర్ర అందుకుంటున్నాడు. "సొక్కా తొడుక్కొత్తాను, గట్టు సివరదాకా ఓపాలి ఎక్కించు," అన్నాడు. ఆ బండి ముట్టని మనిషి ఆ మాట అంటాడని నేను అనుకోలేదు.

అతను ఇంట్లోకి వెళ్లిన సందులో, వచ్చేటప్పటికే అడుగంటిన ట్యాంకులో వెంట తెచ్చిన సీసా పెట్రోలు పోశాను, ఆయిల్ కొలిచి పోశాను, మూత బిగించి, పాత రోజుల్లోలాగే రెండు చేతులా పట్టుకుని ఊపాను. అన్నీ అయ్యాకే గుడ్డ కట్టాను. ఆనాటి చీర అంచు కాదు, అది ఎప్పుడో చివికిపోయింది, ఇది మా ఆవిడది. బావ వచ్చి గుడ్డను చూశాడు. వేళ్లతో తాకి, అక్క చీరది కాదు కదా అన్నాడు. కాదన్నాను.

ఇప్పటి బళ్లకు ఈ కలపడాలూ ఊపడాలూ లేవు, ఒకరు పోసింది ఇంకొకరు నమ్మి ఎక్కవలసిన అవసరమే లేదు, ఎవరి బండి వారిది, ఎవరి పెట్రోలు వారిది. అది మంచికే అయి ఉంటుంది, ఎన్ని కాళ్లు మిగిలాయో. కానీ ఒక గుడ్డముక్క చూసి ప్రాణం పెట్టి ఎక్కేసే రోజులు నేను ఎరుగుదును, ఆ మూడేళ్లలో గుడ్డ ఉండగా బావ ఒక్కనాడు కూడా మూత ముట్టలేదు.

ఆ రోజు అతను నా భుజం పట్టుకుని, వంకర కాలు ఎలాగో అవతలికి వెయ్యబోయి ఆగాడు. కోపం లేదు, ముఖంలో ఏమీ లేదు. పళ్ల మధ్య ఉన్న గడ్డిపరక తీసి, ట్యాంకు మూత తిప్పి, దాన్ని లోపల ముంచి పైకి తీశాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది, జిడ్డు తగిలేదాకా చూసుకున్నాడు. అప్పుడు మూత బిగించి, ఎక్కి, పోనీ బావా అన్నాడు.