మగ్గం పలకని శుక్రవారం

కొన్నేళ్ల కిందటి శ్రావణ శుక్రవారం, పొద్దున పదకొండు గంటలు. విజయమ్మ ఉద్యోగం పోయిన వేళ అది. మొన్న మా సిద్దిపేట చేనేత సంఘంలో కొత్త ప్రింటరుకు కొబ్బరికాయ కొట్టి కర్పూరం వెలిగించారు. ఆ వాసన తగలగానే నా నోరు చేదెక్కింది. లేచి బయటికొచ్చాను.

విజయమ్మ మా సంఘంలో కంప్యూటర్లు చూసుకునేది. యాభై దాటేదాకా నేను వేలిముద్ర మనిషిని. చీర మీద గొల్లభామ బొమ్మను నేసేవాణ్ణి గాని నా పేరు నేను చదవలేకపోయేవాణ్ణి. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మొదట తెలుగు అక్షరాలు, తర్వాత కీబోర్డు మీద ఇంగ్లీషు అక్షరాలు నేర్పింది. "పోగు తెగితే చీర మొత్తం చింపుతవా కాకా? ఏ పోగు తెగిందో ఎతుకుతవు. గిది గూడ గంతే," అనేది.

మా లినక్స్ కంప్యూటర్లు రెండు. సరుకు వివరాలుండే పెద్దదానికి ఆమె 'మగ్గం' అని పేరు పెట్టింది. కౌంటరులోని చిన్నదానిలో ఆ పేరు కొడితే పెద్దది పలకాలి. తగిలించిన వైరును బట్టి ప్రతి కంప్యూటరుకు ఒక నంబరు వస్తుంది; ఏ పేరుకు ఏ నంబరో చిన్నదానిలోనే హోస్ట్స్ అనే ఫైలులో రాసి ఉంటుంది. "పేరు వెట్టి పిలిస్తే పలుకకుంటే సచ్చిందనుకోవద్దు కాకా. దాని దగ్గరికే పోయి నీ నంబరేందని అడుగు. గా నంబరుతోని పిలువు. పలికిందా, మిషను మంచిగున్నట్టే. మనం రాసుకున్నదే తప్పు." ఎవరి సాయం లేకుండా నేను చదివిన మొదటి వరుస ఆ ఫైలులోదే.

పెద్ద కంప్యూటరు నైరుతిలో ఉన్నందుకే అమ్మకాలు పడిపోయాయని వాస్తు పంతులు శేషయ్య చెప్పాడు. అధ్యక్షుడు రాజలింగం దాన్ని ఈశాన్యం మూలకు జరిపించి, అక్కడున్న వేరే వైరుకు తగిలించాడు. ఆ శుక్రవారం శేషయ్యతో కర్పూరం వెలిగించి పూజ చేయించి మీట నొక్కితే, కౌంటరులో మగ్గం పలకలేదు.

"ఆడిమనిషి శేతుల వెడితే గిట్లనే అయితది," అన్నాడు రాజలింగం.

విజయమ్మ పెద్ద మిషను దగ్గరికి పోయి చూసి వచ్చింది. "మిషను మంచిగనే ఉంది సార్. జాగ మారింది, నంబరు మారింది. ఫైల్ల పాతదే ఉంది. ఒక్క వరుస దిద్దుత."

"మంచి ముహూర్తంల పెట్టినం. జాగది తప్పంటవా? కీబోర్డు ముట్టకు. రేపటిసంది రాకు."

నేను ఊరుకోలేదు. "ఓ రాజలింగం, నేసే మగ్గం జరిపినంక దాని పాత గుంతల కాళ్లు పెట్టి నేస్తవా? ఆమె చెప్పేది ఇనరాదు!"

"నిన్నగాక మొన్న అ ఆలు దిద్దినోనివి, నువ్వు గూడ చెప్తవానే?" అన్నాడు. కార్యదర్శి సత్తయ్య పగలబడి నవ్వాడు. విజయమ్మ అన్నం డబ్బా సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది.

సోమవారం రాజలింగం అల్లుడు వచ్చాడు. అదే ఫైలు తెరిచి అదే వరుస దిద్దాడు. పక్కన నిలబడి చదివాను. మగ్గం పలికింది. అతని భార్యకని గొల్లభామ చీర పెట్టి, విజయమ్మ కుర్చీ కూడా ఇచ్చారు. ఆ చీర నేను నేసిందే.

విజయమ్మ గజ్వేల్‌లో ఒక జిరాక్సు దుకాణంలో కుదిరింది. నిరుడు చనిపోయింది. సంఘం నుంచి పూలదండ కూడా పోలేదు. ఇప్పటికీ ఎవరైనా పలకకపోతే, వాళ్లను తిట్టేముందు తప్పు నావైపు ఉందేమో చూసుకుంటాను. రాజలింగం విషయంలోనూ చాలాసార్లు చూసుకున్నాను. నావైపు తప్పేమీ దొరకలేదు. రాయడం ఆమె నేర్పింది గనక రాసి పెడుతున్నాను. ఆ రోజు ఆ గదిలో ఉన్నవాళ్లు: అధ్యక్షుడు రాజలింగం, నవ్విన సత్తయ్య, కర్పూరం పళ్లెం పట్టుకున్న శేషయ్య పంతులు, నర్సయ్య అనే నేను, విజయమ్మ.