చార్జర్లకు జ్వరం చూసిన బాబాయ్

మనిషన్నాక ఏదో ఒక పిచ్చి ఉంటుంది. స్టోర్సు బాబాయ్‌కి ఉన్న పిచ్చి ఒకటే. లాప్‌టాప్ చార్జరు ఎక్కడ కనిపించినా ఆగి, వంగి, కుడిచేతి వేళ్ళ వెనకవైపు దాని మీద ఆనించి, పసిపిల్లకు జ్వరం చూసినట్టు చూసేవాడు. కళ్ళు మూసుకుని మూడు క్షణాలు. తర్వాత తీర్పు. "పర్లేదు, ఒళ్ళు గోరువెచ్చగా ఉంది" అన్నాడంటే బతికిపోయినట్టు. "అబ్బే, మాడిపోతోంది" అన్నాడంటే ప్లగ్గు పీకేసినట్టే. ఆ చార్జరు తాలూకు మనిషి పనిలో ఉన్నాడా, ఫోనులో ఉన్నాడా, ప్రాణాపాయంలో ఉన్నాడా అన్నది ఆయనకు అనవసరం.

"బిడ్డకు జ్వరమొస్తే బడికి పంపుతావా?" అని అడిగేవాడు.

"ఇది చార్జరు బాబాయ్!"

"అందుకే అడుగుతున్నా. బిడ్డయితే ఏడ్చి చెబుతుంది. ఇదెలా చెబుతుంది?"

అది బడిపిల్లల పుస్తకాలు తయారుచేసే ఆఫీసు. మూడంతస్తులు, ముప్పైనలుగురు మనుషులు, అంతకు రెట్టింపు వైర్లు. కింది అంతస్తులో మెట్ల పక్క గది స్టోర్సు. కాగితాలు, బల్బులు, చార్జర్లు అన్నీ అక్కడే. వాటికి అధిపతి బాబాయ్. గుండ్రటి బట్టతల, జేబులో కలం ఉండాల్సిన చోట వైర్లు కత్తిరించే పట్టకారు. వైరును బిగించి చుట్టేవాళ్ళను చూస్తే ఆయనకు ఒళ్ళు మండేది.

"దానికీ మెడ ఉంటుంది నాయనా. ఇక్కడ, ఈ అడాప్టరు దగ్గర. నీ మెడ పట్టుకుని మెలిపెడితే నువ్వు ఊరుకుంటావా?"

ఒకసారి పెద్ద అతిథి ఒకాయన వచ్చి డైరెక్టరు గదిలో తన లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాడు. మాటల మధ్యలో బల్ల కింద ఏదో కదిలింది. అతిథి రెండు కాళ్ళూ కుర్చీ మీదికి లాగేసుకున్నాడు. బల్ల అంచు మీదుగా చంద్రోదయంలా ఒక బట్టతల పైకి వచ్చింది.

"మీ చార్జరుకు బాగా వేడిగా ఉందండీ. తీసేశాను. అరగంట పడుకోనివ్వండి" అని అతిథికి చెప్పి బాబాయ్ వెళ్ళిపోయాడు.

"ఎవరాయన?" అన్నాడు అతిథి కాళ్ళు దించకుండానే.

"డాక్టరు" అన్నాడు డైరెక్టరు, ఇంకేం చెప్పాలో తోచక.

ఇంకోసారి, ఆఫీసులో ఒకతని తల్లి పోయింది. అందరూ పలకరించడానికి వెళ్ళారు. పరుపు మీద కూర్చుని కొడుకు కుమిలిపోతున్నాడు. బాబాయ్ పక్కనే కూర్చుని ఒక చేత్తో అతని వీపు నిమురుతున్నాడు. రెండో చెయ్యి మాత్రం మెల్లమెల్లగా దిండు కిందికి పాకుతోంది. చివరికి నల్లటి అడాప్టరు ఒకటి బయటికి లాగి, చప్పుడు కాకుండా గచ్చు మీద పెట్టి, అప్పుడు కళ్ళు తుడుచుకున్నాడు.

"ఏడుపుకైనా ఆగలేవా బాబాయ్?" అని బయటికొచ్చాక బొమ్మలమ్మాయి అడిగింది.

"ఆవిడ ఎలాగూ పోయింది. వీడు ఉండాలిగా" అన్నాడాయన.

బొమ్మలమ్మాయి అంటే పుస్తకాలకు బొమ్మలు వేసే ఆమె. ముప్పై అయిదు దాటినా ఆఫీసులో అందరికీ అమ్మాయే. అందరికంటే ఎక్కువ జ్వరం ఆమె చార్జరుకే. ఆమె లాప్‌టాప్‌లో బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, ప్లగ్గు పీకితే తెర నల్లబడుతుంది. కాబట్టి బాబాయ్ ఆమె విషయంలో ఒక మర్యాద పాటించేవాడు. "వేసిందాకా దాచుకో తల్లీ, పది లెక్కపెడతా" అనేవాడు. "ఒకటి... రెండు... మూడు..."

"బాబాయ్! ఏనుగుకు తొండం వేస్తున్నాను, అది పూర్తయ్యేదాకా ఆగు!"

"తొండం లేకుండా ఓ గంట బతుకుతుందిలే. ఎనిమిది... తొమ్మిది..."

ఆమె తిట్టుకుంటూ లేచి వెళ్ళేది. మళ్ళీ వచ్చేసరికి చార్జరు చల్లబడి ఉండేది, ఆమె కోపం కూడా.

నిప్పంటే ఆయనకు ఇంత భయం ఎందుకో అని ఆఫీసులో రకరకాల కథలు పుట్టాయి. కొడుకు పోయాడని కొందరు, దుకాణం తగలబడిందని కొందరు. ఒకరోజు ఆమె మొహమాటం వదిలి అడిగేసింది. "మీవాళ్ళెవరైనా ఇలా... పోయారా బాబాయ్?"

ఆయన నొచ్చుకున్నట్టు చూశాడు. "అందరూ ఇదే అడుగుతారు. ఎవరూ పోలేదమ్మా. ఒకళ్ళు పోయాక జాగ్రత్తపడితే మంచోడంటారు. పోకముందే జాగ్రత్తపడితే పిచ్చోడంటారు. ఇదేం న్యాయం?"

ఆ ఏడు ఆఫీసుకు కొత్త చార్జర్లు ఇరవై వచ్చాయి. చవకవి. పెట్టె విప్పిన రోజే బాబాయ్ ఒక్కొక్కదాన్నీ గంటసేపు నడిపి చెయ్యి ఆనించి చూశాడు. మొహం మాడ్చుకున్నాడు. పరిపాలనాధికారికి ఉత్తరం రాశాడు: ఇవి మితిమీరి వేడెక్కుతున్నాయి, వాడకూడదు, వెనక్కి పంపండి. జవాబు లేదు. రెండోది రాశాడు, మూడోది రాశాడు. అధికారి నవ్వి, "డాక్టరుగారు మందుచీటీ రాశారు" అని ఫైల్లో పెట్టుకున్నాడు. బాబాయ్ ఇరవైనీ స్టోర్సులో పై అరలోకి ఎక్కించి, ఒక్కోదానికి దారంతో చీటీ కట్టాడు. 'వాడరాదు' అని.

తర్వాత నెలలో బొమ్మలమ్మాయి పాత చార్జరు మెడ దగ్గర తెగిపోయింది. సాయంత్రానికి మూడో తరగతి పుస్తకం అచ్చుకు వెళ్ళాలి, పదకొండు బొమ్మలు మిగిలి ఉన్నాయి. స్టోర్సుకు పరిగెత్తింది. తలుపు తీసే ఉంది. బాబాయ్ చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. పై అరలో నిగనిగలాడుతూ ఇరవై కొత్త చార్జర్లు. ఆమె బల్ల ఎక్కి ఒకటి తీసింది. చీటీ చదివింది. చదివి కూడా దారం తెంపింది.

'ఒక్క పూటకేగా' అనుకుంది. లోకంలో సగం ప్రమాదాలు మొదలయ్యేది ఆ మాటతోనే.

బాబాయ్ కంటబడకూడదని రెండో అంతస్తు విశ్రాంతి గదిలో సోఫా మీద కూర్చుని పనిచేసింది. రెండు గంటల తర్వాత చార్జరును మెత్తల మధ్య అలాగే వదిలి, టీ కోసం కిందికి వెళ్ళింది. తిరిగి మెట్లెక్కుతుంటే పొగ వాసన. గదిలో మెత్త మండుతోంది. ఆఫీసు శుభ్రం చేసే పెద్దక్క అప్పటికే లోపలుంది. పొగలో స్విచ్చి కనబడక, వైరును అరచేత్తో పట్టి లాగేస్తోంది. ప్లగ్గు ఊడింది. కరిగిన ప్లాస్టిక్కు ఆమె అరచేతికి అంటుకుపోయింది. పెద్దక్క వేసిన కేకకు కిందివాళ్ళు పరిగెత్తుకొచ్చి, నీళ్ళు పోసి మంట ఆర్పారు. ఆ కేక బొమ్మలమ్మాయి చెవుల్లో చాలా కాలం ఉండిపోయింది.

మూడు రోజుల తర్వాత విచారణ. పొడవాటి బల్ల చుట్టూ అందరూ కూర్చున్నారు.

"మా సరుకులో ఏ లోపమూ లేదండి" అన్నాడు చార్జర్లు అమ్మిన కంపెనీ మనిషి. "మెత్తల మధ్య పెట్టారు. గాలాడకపోతే మనిషైనా చస్తాడు."

"మేం నిబంధనల ప్రకారమే కొన్నాం" అన్నాడు కొనుగోళ్ళు చూసే ఆయన. "నాణ్యత అమ్మినవాళ్ళ బాధ్యత."

"అసలు స్విచ్చి ఆపకుండా వైరు పట్టుకు లాగమని ఆవిడకు ఎవరు చెప్పారు?" అన్నాడు పరిపాలనాధికారి.

తలా ఒక చెయ్యి వేసి తప్పును పక్కవాడి మీదికి నెట్టారు. నెట్టగా నెట్టగా అది చివరికి ఆ గదిలో కుర్చీ లేని ఒకే ఒక్క మనిషి దగ్గర ఆగింది. పెద్దక్క చేతికి కట్టుతో తలుపు దగ్గర నిలబడి ఉంది.

బాబాయ్ లేచాడు. మూడు ఉత్తరాల నకళ్ళు బల్ల మీద పరిచాడు.

"ఇవి చేరినట్టు మీ సంతకాలే ఉన్నాయి సార్" అన్నాడు అధికారితో. కంపెనీ మనిషి వైపు తిరిగాడు. "మెత్తల మీద పెట్టడం తప్పే బాబూ. మనుషులు తప్పులు చేస్తారు. వేడెక్కితే మంచి చార్జరు తనంతట తనే ఆగిపోతుంది. మీది ఆగలేదు." తర్వాత అందరివైపూ చూశాడు. "ఆవిడ లాగబట్టి ఇవాళ మనం ఈ గదిలో కూర్చుని మాట్లాడుకుంటున్నాం. లేకపోతే రోడ్డు మీద నిలబడి మాట్లాడుకునేవాళ్ళం."

డైరెక్టరు చాలాసేపు ఉత్తరాలు చదివాడు. పెద్దక్క వైద్యమంతా ఆఫీసే చూసుకోవాలని, ఉద్యోగం జోలికి వెళ్ళొద్దని అక్కడే చెప్పాడు. తర్వాత అడిగాడు. "మరి మీరే వాడరాదని పక్కన పెట్టింది స్టోర్సులోంచి బయటికెలా వచ్చింది?"

బొమ్మలమ్మాయి నోరు తెరిచింది. ఆమె మాట్లాడేలోగా బాబాయ్ అనేశాడు.

"చీటీ కడితే చాలదు సార్. వైరు కత్తిరించి పెట్టాల్సింది. వెనక్కి పంపుతారేమోనని కత్తిరించలేదు. పైగా తలుపు తీసి వెళ్ళాను. తాళం నా దగ్గరుంటే, బయటికొచ్చిన ప్రతిదీ నేనిచ్చినట్టే."

ఉత్తరాలు చదవనివాళ్ళకు ఒక మెమో వచ్చింది. ఉత్తరాలు రాసినాయన ఉద్యోగం పోయింది. రిటైరవడానికి ఇంకా ఏడు నెలలు ఉంది.

నాలుగో రోజుకు బొమ్మలమ్మాయి బాబాయ్ ఇంటికి వెళ్ళింది. రెండు గదుల ఇల్లు. బాబాయ్ వరండాలో కుర్చీ వేసుకుని వీధిలోకి చూస్తున్నాడు. చేతులకు పని లేక ఒళ్ళో పెట్టుకున్నాడు.

"బాబాయ్, ఆ చార్జరు..."

"తెలుసులే. బల్ల మీద నీ చెప్పుల అచ్చులున్నాయి."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"నువ్వే చెబుతావనుకున్నా. నోరు తెరిచావు కూడా. నేనే తొందరపడ్డాను" అన్నాడు, తప్పు తనదన్నట్టు.

ఆమె ఏడ్చింది. ఆయన వాళ్ళావిడ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

మర్నాడు డైరెక్టరు గదిలోకి వెళ్ళి మొత్తం చెప్పింది, కాగితం మీద రాసి సంతకం పెట్టింది. పెద్దక్క ఇంటికి వెళ్ళి ఆమెకూ చెప్పింది. పెద్దక్క వారం రోజులు మాట్లాడలేదు. ఎనిమిదో రోజు, "ఈ జడ వేసి పెట్టు, ఒంటిచేత్తో రావట్లేదు" అని వెనక్కి తిరిగి కూర్చుంది. ఆ తర్వాత రోజూ బొమ్మలమ్మాయే జడ వేసేది.

బాబాయ్‌ని మళ్ళీ తీసుకుంటున్నట్టు ఉత్తర్వు రావడానికి మూడు నెలలు పట్టింది. కాగితం నిదానంగానే నడుస్తుంది, బాబాయ్ గుండె మాత్రం అన్నాళ్ళు ఓపిక పట్టలేదు. ఆమె ఉత్తర్వు పట్టుకెళ్ళేసరికి ఆయన మంచం మీద ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. ఆమె పక్కన కూర్చుని కాగితం మొత్తం చదివి వినిపించింది. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు.

"మిగతా పందొమ్మిదీ వెనక్కి పంపారా?"

"పంపారు బాబాయ్."

"వైర్లు కత్తిరించారా? లేకపోతే ఇంకో ఆఫీసుకు అమ్ముతారు."

"కత్తిరించాను. నేనే. పందొమ్మిదీ."

"మెడ దగ్గరేనా?"

"మెడ దగ్గరే."

ఆయన తల ఊపాడు. ఆ వారంలోనే పోయాడు.

నెల తర్వాత ఆయన వాళ్ళావిడ ఆఫీసుకు వచ్చింది. సంచిలోంచి ఒక లావుపాటి నోటుపుస్తకం తీసింది. "అలమరలో దొరికిందమ్మా. ఆఫీసుదో, ఇంటిదో తెలీడం లేదు. అట్ట మీద చార్జర్లని రాశారు గానీ, చూస్తే అంతా మనుషుల సంగతులే ఉన్నాయి. నువ్వు చూసి చెప్పు."

మధ్యాహ్నం భోజనాలయ్యాక బొమ్మలమ్మాయి, పెద్దక్క ఆఫీసు గుమ్మం ముందు మెట్ల మీద కూర్చున్నారు. పెద్దక్కకు చదవడం రాదు. ఈమె పైకి చదివింది.

'అచ్చుతప్పులు దిద్దే కుర్రాడు: చార్జరు వేడి. రెండు రోజులుగా ఇంటికి వెళ్ళినట్టు లేదు. ఇంట్లో గొడవేమో. పీకేసి, టీకి లాక్కెళ్ళాను. చెప్పుకున్నాడు.'

'బొమ్మలమ్మాయి: సలసల కాగుతోంది. ఉదయం నుంచి లేవలేదు, తిండి లేదు. పది లెక్కపెట్టి పీకాను. తిట్టుకుంటూ భోజనానికి వెళ్ళింది. హమ్మయ్య.'

అలా పేజీలకు పేజీలు. ఆమె చదవడం ఆపేసింది. అక్షరాలు చెదిరిపోతున్నాయి. ఇన్నేళ్ళూ తన చార్జరుకే జ్వరం అనుకుంది.

"ఏడవకమ్మా. నా గురించేమైనా రాశాడా?" అని పెద్దక్క మోచేత్తో పొడిచింది.

వెతికితే దొరికింది. 'పెద్దక్కకు చార్జరు లేదు. అలసట ఎలా తెలిసేది? చీపురు పట్టుకు చూశాను. తెలియలేదు. పైగా చీపురు ఎందుకు ముట్టుకున్నావని తిట్టింది.'

"తిట్టాను, నిజమే!" అంది పెద్దక్క. కళ్ళు తుడుచుకుంటూనే నవ్వు మొదలుపెట్టింది. "దొంగతనానికొచ్చాడనుకున్నా! ఇంకా చదువు, ఇంకా చదువు. డైరెక్టరు గారి గురించి ఉందా?"

బొమ్మలమ్మాయి ముక్కు ఎగబీల్చి, పేజీ తిప్పి, గొంతు తగ్గించి చదివింది.

'డైరెక్టరు గారు: ఎప్పుడు చూసినా చార్జరు మంచులా ఉంది. ఆయన ఆరోగ్యానికి ఏ ఢోకా లేదు.'

ఇద్దరూ ఎంత గట్టిగా నవ్వారంటే, పై అంతస్తు కిటికీలోంచి డైరెక్టరు తల బయటపెట్టి, ఏమైందని అడిగాడు.