ఒక్క వేలిముద్ర సంఘం

ఆ రోజుల్లో మా ఏలూరులో నలుగురు పెద్దమనుషులు ఒక అరుగు మీద కూర్చున్నారంటే, లేచేలోపల ఒక సంఘం పుట్టేది. ఎందుకు పుట్టిందో రెండో నెలకల్లా అందరూ మరిచిపోయేవారు. అలా మరిచిపోకుండా చూడటానికే భగవంతుడు నన్ను భూమ్మీదికి పంపాడని ఇరవై రెండేళ్ల వయసులో నాకు గట్టి నమ్మకం. ప్లీడరైన మా మావయ్య దగ్గర గుమాస్తాగా చేరి ఏడాది కాలేదు. అప్పటికే మద్రాసు నుంచి సంఘాలు నడిపే పద్ధతుల పుస్తకమొకటి తెప్పించి, అధ్యక్షుడు ఎప్పుడు గంట కొట్టాలో సహా కంఠతా పట్టేశాను. (మా సంఘానికి గంట లేదు. ఆ లోటు నన్ను చాలాకాలం బాధపెట్టింది.)

మా సంఘం పని చాలా చిన్నది. ఒక రేకుపెట్టె నిండా పుస్తకాలు పెట్టి, రెండు తాటిదోనెలు జతగా కట్టి, వారానికొకసారి కొల్లేటి లంక గ్రామాలకు పంపడం. చదువొచ్చినవాళ్లు పుస్తకాలు తీసుకునేవారు, రానివాళ్లకు నేను చదివి వినిపించేవాణ్ణి. సభ్యులం తొమ్మిదిమంది. మావయ్య అధ్యక్షుడు, నేను కార్యదర్శిని. తాడేపల్లిగూడెం మిల్లు షావుకారు, పెంటపాడు బాబాయి, మరి నలుగురు రైతులు సభ్యులు. తొమ్మిదో మనిషి దోనె తాతయ్య. గెడ వేసి ఆ దోనెల్ని నడిపేది ఆయనే. నా పద్ధతుల పుస్తకం ప్రకారం లంకవాళ్ల తరఫున ఒకరుండాలని నేనే పట్టుబట్టి చేర్పించాను.

నెలకోసారి మావయ్యగారి అరుగు మీద సభ. రావలసినవాళ్లు రారు, వచ్చినవాళ్లు కాఫీ కాగానే లేస్తారు. నాకు ఒళ్లు మండి ఒక రూలు రాశాను. వరసగా మూడు సభలకు రానివారి సభ్యత్వం దానంతటదే పోతుంది, ఎంతటివారైనా సరే, ఏ కారణమైనా సరే. అరుగు మీద కూర్చుని హాజరు పుస్తకంలో సంతకమో వేలిముద్రో వేస్తేనే వచ్చినట్టు లెక్క. మావయ్య కళ్లజోడు పైకి తోసుకుని, "ఒరేయ్, 'ఏ కారణమైనా' అన్న మాట కొట్టెయ్యరా. అటువంటి మాటలు ఎప్పుడో రాసినవాడికే తగుల్తాయి" అన్నాడు. నేను వినలేదు. గూడెం రైలుకు వేళవుతోందని అందరూ గబగబా చేతులెత్తేశారు. మెట్టు మీద కూర్చున్న దోనె తాతయ్య ఒక్కడే అడిగాడు.

"అబ్బాయిగారూ, ఇలా మెట్టు మీద కూకుంటే సరిపోద్దాండి? అరుగెక్కాలాండి?"

"ఎక్కాలి తాతా. రూలు."

"ఆయ్, అలాగేనండి" అని ఆ క్షణమే లేచి, అరుగు చివర చాప మీద ఒద్దికగా కూర్చున్నాడు.

తర్వాత పొలాల్లో దమ్ములొచ్చాయి, ఊడ్పులొచ్చాయి. పీకల్లోతు పనిలో ఉన్న రైతుని అరుగు మీదికి రమ్మంటే ఎలా వస్తాడన్న ఆలోచన నాకు రానేలేదు. (నా పుస్తకం రాసిన ఆయన వరిచేను చూసి ఉండడు.) శ్రావణం వెళ్లేసరికి బాబాయితో సహా అయిదుగురు రైతులు, వడ్ల బేరాల్లో మునిగిన షావుకారు, ఆరుగురూ మూడేసి సభలు మానేశారు. ఎర్రసిరాతో ఆరు పేర్లూ కొట్టేస్తుంటే నాకు కలిగిన ఆనందం తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. ఎవరికీ చెప్పలేదు. మార్గశిరంలో జరిగే సంవత్సర సభలో చదివి అందర్నీ అదరగొట్టాలని దాచుకున్నాను.

ఆ సభ రానే వచ్చింది. తొమ్మిదిమందీ వచ్చారు. షావుకారు లేచి చల్లగా, "ఏవండీ, ఆ పెట్టె నీళ్లల్లో తిప్పడం దేనికండీ? మా మిల్లు పక్క గదిలో అద్దాల బీరువా చేయిస్తాను. గూడెంలో అందరూ చూస్తారు" అన్నాడు. రైతులంతా తలలూపారు. పెట్టె బీరువాలోకి వెళ్తే ఇక దోనె కదలదు, లంకల్లో నాకోసం చూసేవాళ్లు చూస్తూనే ఉంటారు. అప్పుడు నా అస్త్రం తీశాను. "మన్నించాలి. మీరు సభ్యులు కారు!" అని ఎర్రసిరా పేర్లన్నీ చదివేశాను.

"ఇదెక్కడి న్యాయమండీ?" అన్నాడు షావుకారు.

"మీరే చేతులెత్తారు కదండీ, రైలు వేళైందని" అన్నాడు మావయ్య. బాబాయి మాత్రం, "అయితే తక్కిన నెలలు కూడా చూడండి బావగారూ" అన్నాడు. మావయ్య హాజరు పుస్తకం పేజీలు తిప్పాడు. తిప్పుతూ తిప్పుతూ ఆగి, నా వంక జాలిగా చూశాడు.

భాద్రపదంలో నాకు చలిజ్వరం. ఆశ్వయుజంలో దసరాకని అక్కయ్య అత్తవారింటికి వెళ్లాను. కార్తికంలో దోనె తాతయ్య సభకని ఏలూరు బయల్దేరుతూ రమ్మన్నా వెళ్లలేదు. లంకలో కథ చదువుతున్నాను, అందులో పిల్ల ఏట్లో పడిపోయింది. "మునిగిందో తేలిందో చెప్పకుండా లేత్తారాండి?" అని ఆడవాళ్లు నన్ను కదలనివ్వలేదు. ఇక మావయ్య సంగతంటారా, మధ్యాహ్నం నిద్రపోయే ఆయన్ను సభకు లేపేది నేను. నేను లేని మూడు నెలలూ ఆయన్ను లేపినవాళ్లు లేరు. ఇంట్లో ఉండటం హాజరు కిందికి రాదు, నా రూలు ప్రకారమే. కార్తికం పేజీలో మా అత్తయ్య చేతిరాత ఉంది. 'తాతయ్య ఒక్కడే వచ్చాడు. మజ్జిగ ఇచ్చాను. పొద్దువాలేదాకా చూసి వెళ్లాడు.' కింద ఒక్క వేలిముద్ర.

అంటే నా రూలు ప్రకారం మావయ్యా, నేనూ కూడా సభ్యులం కాము. మావయ్య తన కుర్చీలోంచి లేచి, "రా తాతా, ఇప్పుడు సంఘమంటే నువ్వే" అన్నాడు. తాతయ్య ఎంతకీ కుర్చీ ఎక్కలేదు. చివరికి నా వంక చూసి, "రూలాండి?" అన్నాడు. అవునన్నాను. అప్పుడు అంచుమీద కూర్చున్నాడు.

"పెట్టె దోనెలోనే ఉండాలండి. మా ఆడోళ్లు గూడెం రాలేరండి. బాబులందరూ మళ్లీ సంగంలోకి రావాలండి, పెద్దోళ్లు లేకపోతే నా మాటెవరు ఇంటారండి. ఊడుపులప్పుడు మటుకు సభ వద్దండి." అంత నెమ్మదిగా చెబితే ఎవరు కాదంటారు? షావుకారు కూడా నవ్వేశాడు. అందరి పేర్లూ మళ్లీ రాశాను. నా పేరు రాయబోతుంటే తాతయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"మీకొద్దండి అబ్బాయిగారూ. ఈ రాతకోతల్లో పడితే మీరు లంకకి రావడం తగ్గిపోద్దండి. మీరు సదవండి."

ఆ తర్వాత ఎన్ని సంఘాల్లో ఉన్నానో, ఎన్నిటికి అధ్యక్షత వహించానో, ఎన్ని గంటలు కొట్టానో నాకే గుర్తులేదు. అన్నిచోట్లా దండలు వేసి పెద్దపెద్ద పదవులిచ్చారు. కానీ మనసుకు నచ్చిన తీర్మానం అదొక్కటే. కొత్త కార్యదర్శి ఇంకా కుదరలేదని దాన్ని కూడా నా చేతనే రాయించారు. 'కార్యదర్శి పని తీసివేసి, కథలు చదివే పని ఇవ్వడమైనది.' కింద తాతయ్య వేలిముద్ర. అది పడుతున్నప్పుడు ఏడుపొచ్చింది, అవమానమనుకున్నాను. పిచ్చి కుర్రాణ్ణి. మరుసటి వారం దోనె ఒడ్డుకు తగలకముందే నీళ్లలోకి దిగి వచ్చిన ఆడవాళ్లు, నా ఉద్యోగం పోయిన సంగతి అడగనేలేదు. ఆ ఏట్లో పిల్లకి పెళ్లయిందా అని అడిగారు.